బడిమట్టలను గుర్తుపట్టడం – మూడవ పాఠం: రొమ్మురెక్క, తోక, సముద్రపు నేల

మొదటి రెండు పాఠాలు చదివి అభ్యాసాలు పూర్తిచేసినవారు ఈపాటికి చేపల గుట్టలోంచి బడిమట్టల కుటుంబానికి చెందిన చేపను తడుముకోకుండా ఏరి పక్కన పెట్టగలిగి ఉండాలి. గుండ్రటి కర్రలాంటి ఒళ్ళు, కంటిని దాటి బాగా వెనక్కి చీలిన నోరు, నోరు మూసినా బయటికి కనిపించే సన్నని పళ్ళు, వెన్ను నడుమ ఒకే ఒక రెక్క, దాని వెనుక తోకకు దగ్గరగా ఈనెలు లేని చిన్న కొవ్వురెక్క, ఇవన్నీ ఒకే చేపలో కనబడితే అది ఈ కుటుంబానిదే. పాఠ్యపుస్తకాలలో రెక్కను వాజం అని, అందులోని ఈనెను కిరణం అని రాస్తారు. రేవులో ఎవరితో మాట్లాడినా అర్థమయ్యేలా నేను రెక్క, ఈనె అనే రాస్తున్నాను. మంచినీటి మట్టగిడసకూ ఈ చేపలకూ పేరులో పోలికే తప్ప చుట్టరికం లేదని మొదటి పాఠంలో చెప్పిన మాటను మరొకసారి గుర్తుచేసుకోండి.

రెండవ పాఠంలో నోరు తెరిచి అంగిలి చూడడం నేర్చుకున్నాం. అంగిలికి ఒక్కో పక్క పళ్ళు రెండేసి పట్టీలుగా ఉండి, పొట్టరెక్కలో తొమ్మిది ఈనెలు ఉండి, ఆ రెక్క లోపలి ఈనెలూ బయటి ఈనెలూ దాదాపు ఒకే పొడవున ఉంటే అది సౌరిడా ప్రజాతి, అంటే దగ్గరి చుట్టరికమున్న కొన్ని జాతుల గుంపు. పళ్ళ పట్టీ ఒక్కో పక్క ఒక్కటే ఉండి, పొట్టరెక్కలో ఎనిమిది ఈనెలే ఉండి, లోపలి ఈనెలు బయటివాటికన్నా బాగా పొడుగైతే అది సైనోడస్ గాని ట్రాకినోసెఫాలస్ గాని అయి ఉంటుంది. అంగిలి తడిమేటప్పుడు వేలిని ఎప్పుడూ పెదవి నుంచి గొంతు వైపుకే జరపండి. ఈ పళ్ళు లోపలికి వంగుతాయి, బయటికి వంగవు. గొంతు వైపు పోయే వేలికి మెత్తటి బ్రష్షు తగిలినట్టు ఉంటుంది, అదే వేలిని వెనక్కి లాగితే ప్రతి పన్నూ కొక్కెంలా పట్టుకుంటుంది. నోట్లో పడిన నెత్తళ్ళలాంటి చిన్న చేపలు ఎందుకు బయటపడలేదో ఆ ఒక్క స్పర్శతో అర్థమవుతుంది. అయినా చేతికి తొడుగు లేకుండా ఈ పని చేయవద్దు.

ఇక ఈ పాఠంలో ఎక్కువసేపు సౌరిడా మీదనే నిలుద్దాం. మన తీరంలో ట్రాల్ వలలకు, అంటే మరపడవలు సముద్రపు అడుగున లాగే వలలకు, ఈ కుటుంబంలో ఎక్కువగా పడేది ఆ ప్రజాతే, కొత్తవారు ఎక్కువగా పొరపాటు పడేదీ అక్కడే.

పేరు గురించి ముందుగా ఒక మాట చెప్పాలి. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండగా చేపలను సేకరించి బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలు 200 చేపల వర్ణనలతో 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. స్థానికులు ఏ పేరుతో పిలిచేవారో ఆ పేరునే ఆయన చేపకు పేరుగా రాసుకున్నాడు. అందులో ఒకటి బడిమట్ట. దాని ఆధారంగా 1829లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యూవియే ఆ చేపకు సారస్ బడి అని పేరు పెట్టాడు, తరువాత రూపెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఏకంగా సారస్ బడిమట్టా అనే రాశాడు. అంతకు ముందే, 1795లో, బ్లాక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పెట్టిన తుంబిల్ అనే పేరుకు ప్రాధాన్యం దక్కడంతో ఆ రెండు పేర్లూ పర్యాయపదాల జాబితాలోకి చేరాయి. తమిళ తీరంలో ఈ చేపలను ఈనాటికీ తుంబిలి అంటారు. అంటే లోకమంతా వాడే శాస్త్రీయ నామమూ, దాని పక్కన పర్యాయపదాలుగా మిగిలిన నామాలూ మన తూర్పు, దక్షిణ తీరాల జాలరుల మాటలను పోలినవే. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఎంతో సంతోషం కలుగుతుంది. ఈ విద్యలో మనం ఎవరి వెనకా నిలబడి నేర్చుకుంటున్నవాళ్ళం కాము.

ఇప్పుడు చేపను చేతిలోకి తీసుకోండి. తడి బల్ల మీద కుడి పక్కకు పడుకోబెట్టి, ఎడమ రొమ్మురెక్కను ఒంటికి ఆనించి వేలితో వెనక్కి నిమరండి. రెక్క కొన ఎంతవరకు వచ్చిందో చూడండి. చూడవలసిన గీతలు రెండు: పొట్టరెక్క మొదలయ్యే చోటు ఒకటి, వెన్నురెక్క మొదలయ్యే చోటు మరొకటి. రొమ్మురెక్క పొట్టరెక్క మొదలు దాకా కూడా రాకుండా ఆగిపోతే అది సౌరిడా మైక్రోపెక్టోరాలిస్. ఆ పేరుకు అర్థమే చిన్న రొమ్మురెక్కది అని. వెన్నురెక్క మొదలును కూడా దాటి చాలా దూరం పోతే అది సౌరిడా లాంగిమానస్, అంటే పొడుగు చేతులది. ఈ రెండూ చివరి మెట్ల మీద ఉన్నవి కాబట్టి వీటిని విడదీయడం తేలిక.

కష్టమంతా మధ్యలో ఉన్న రెండింటితోనే. సౌరిడా తుంబిల్, సౌరిడా అండోస్క్వామిస్ అనే ఈ రెండు చేపలకూ రొమ్మురెక్క కొన పొట్టరెక్క మొదలును తాకడమో కొద్దిగా దాటడమో జరుగుతుంది. కాబట్టి రెక్కను వదిలి తోకకు పోవాలి. తోకను నీటితో తడిపి, రెండు వేళ్ళతో విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టుకొని పై అంచును చూడండి. ఆ అంచు వెంట నల్లటి చిన్న చుక్కలు వరుసగా ఉంటే అది అండోస్క్వామిస్. వెన్నురెక్క ముందు అంచు మీద కూడా అలాంటి చుక్కలే ఉంటాయి. పై అంచు చుక్కలు లేకుండా ఉంటే తుంబిల్. తోకను పొడిగా, ముడుచుకొని ఉండగా చూసి చుక్కలు లేవని రాసుకునేవారు చాలామంది ఉంటారు; తడపడం, విప్పడం, వెలుతురుకు పట్టడం అనే మూడు పనులూ పూర్తయ్యేదాకా కలం ముట్టుకోవద్దు.

రంగును బట్టి మాత్రం ఎప్పుడూ నిర్ణయించవద్దు. ఈ రెండూ పైన గోధుమ రంగు, కింద వెండి తెలుపే. మంచులో నాలుగు గంటలున్న చేప ఒళ్ళు, అప్పుడే వల నుంచి దించిన చేప ఒళ్ళు వేరువేరు జాతులవా అన్నట్టు కనిపిస్తాయి.

నా అనుభవంలో జరిగిన ఒక తప్పును ఇక్కడ చెప్పడం మీకు ఉపయోగపడుతుంది. నేర్చుకుంటున్న తొలి నెలలలో ఒక రోజు తెల్లవారుజామున ఒకే గంపలో ఉన్న ఏడు చేపలను మైక్రోపెక్టోరాలిస్ అని రాసుకున్నాను. అన్నింటి రొమ్మురెక్కలూ పొట్టరెక్క దాకా రాలేదు. ఎండ వచ్చాక మళ్ళీ చూస్తే నాలుగింటి రెక్కల కొనలు చిరిగి ఉన్నాయి. మంచు ముక్కల కింద నలిగి, పారతో ఎత్తిపోసినప్పుడు విరిగిన రెక్కలవి. తోకలు విప్పి చూస్తే ఆ నాలుగింటికీ పై అంచున చుక్కలున్నాయి. అప్పటి నుంచి నేను రెండు పక్కల రెక్కలనూ చూడనిదే కొలత రాయలేదు. ఈనె కొన సహజంగా ముగిస్తే సన్నబడి మెత్తగా ఉంటుంది, విరిగితే మొద్దుగా, గరుకుగా తగులుతుంది. కొత్తలో ప్రతి చేపకూ ఈ తేడాను వేలితోనే తెలుసుకోండి.

జాతి తేలిన తరువాత రెండవ ప్రశ్నకు వద్దాం: ఈ చేప ఎలాంటి నేల మీద బతికింది?

ఈ చేపలకు గాలితిత్తి ఉండదు. నీటిలో తేలి నిలవడానికి చాలా చేపలకు ఉండే ఆ సంచి లేదు కాబట్టి ఈదడం మానిన మరుక్షణం ఇవి అడుక్కు దిగుతాయి. పొట్టరెక్కల మీద ముందు ఒంటిని ఎత్తుకొని, కదలకుండా కూర్చొని, పైన పోయే చిన్న చేప దగ్గరకు రాగానే బాణంలా లేచి పట్టుకొని మళ్ళీ నేలకు వస్తాయి. నేలతో ఇంత ముడిపడిన బతుకు కనుకనే బురద, ఇసుక, దిబ్బలాంటి తేడా వాటి ఒంటి మీద కనిపిస్తుంది.

తుంబిల్ ఎక్కువగా బురద నేలది, 20 నుంచి 60 మీటర్ల లోతులో ట్రాల్ వలలకు బాగా దొరుకుతుంది, 60 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అండోస్క్వామిస్ బురద మీదా ఇసుక మీదా ఉంటుంది. 100 మీటర్ల దాకా సాధారణంగా కనిపిస్తుంది, అంతకన్నా లోతుకూ పోతుంది. రెండింటి పొట్టలూ కోసి చూస్తే నెత్తళ్ళు, కారలు, గులివిందలు కనిపిస్తాయి. పెద్ద మట్ట పొట్టలో చిన్న మట్ట దొరకడం కూడా మామూలే. ఒకే గంపలో రెండు జాతులూ కలిసి వచ్చాయంటే ఆ బోటు ఒకే చోట వల లాగిందని అనుకోవద్దు. లాగిన చోట్లు ఎన్నో, ఎంత లోతులో లాగారో సరంగును అడిగి రాసుకోండి.

ఇసుకను బాగా చదవడం నేర్పే చేప మాత్రం ట్రాకినోసెఫాలస్. దాని ముక్కు ఎంత పొట్టిదంటే కన్ను అడ్డకొలత కన్నా చిన్నది. కళ్ళు దాదాపు ముఖం మొదట్లోనే, పైకి చూస్తున్నట్టు ఉంటాయి. ఒంటి మీద తల నుంచి తోక వైపుకు పొడవునా లేత నీలం, పసుపు చారలు, మొప్పమూత పై కొసన ఒక నల్లటి మచ్చ ఉంటాయి. తోక వైపున్న అడుగురెక్క మొదలు నుంచి చివర దాకా కొలిస్తే అది వెన్నురెక్క కన్నా పొడుగు. సైనోడస్‌లో ఈ కొలత తారుమారవుతుంది, ముక్కు కూడా పొడుగ్గా ఉంటుంది. ట్రాకినోసెఫాలస్ ఇసుకలోకి దిగి ఒళ్ళంతా కప్పుకొని కళ్ళు మాత్రమే బయట ఉంచుతుంది. ఇప్పుడు ఆ పొట్టి ముక్కును మరొకసారి చూడండి: ముక్కు పొడుగైతే కళ్ళు బయటపెట్టడానికి తల సగం బయటపెట్టవలసి వచ్చేది. ఈ చేపను చాలాకాలం లోకమంతటా ఒకే జాతిగా, మయాప్స్ అనే పేరుతో లెక్కపెట్టారు. 2016లో దాన్ని విడదీసి మయాప్స్ పేరును అట్లాంటిక్ చేపకు పరిమితం చేశారు. మన వైపు దొరికేది ఇప్పుడు ట్రాకినోసెఫాలస్ ట్రాకినస్. పాత పుస్తకం చేతిలో ఉన్నవారు పేరు దిద్దుకోవాలి.

సైనోడస్ జాతులు పగడపు దిబ్బల పక్కనా, దిబ్బల నడుమ ఇసుక మీదా ఎక్కువగా ఉంటాయి. వాటికి నాలుగవ పాఠం పూర్తిగా కేటాయిస్తాను. మన ట్రాల్ గంపలలో అప్పుడప్పుడు కనిపించే సైనోడస్ ఇండికస్‌ను మాత్రం ఇప్పుడే గుర్తుంచుకోండి: మొప్పమూత పైభాగాన రెండు చిన్న నల్లటి గీతలుంటాయి.

ఇక వానమట్ట. రస్సెల్ ఈ పేరునూ నమోదు చేశాడు. మరాఠీలో బొంబిల్, బెంగాలీలో లోటే అనే ఈ చేప, శాస్త్రీయంగా హార్పడాన్ నెహెరియస్, ఈ కుటుంబంలోనిదే అంటే చాలామంది నమ్మరు. ఒళ్ళు జావలా మెత్తగా ఉంటుంది, ఎందుకంటే మాంసంలో దాదాపు తొంభై శాతం నీరే. ముందు సగం ఒంటికి పొలుసులుండవు, వెనుక సగానికే ఉంటాయి. పార్శ్వరేఖ, అంటే ఒంటి పక్కన పొడవునా సాగే గీత, తోక మొదట్లో ఆగకుండా తోక నడిమి తమ్మె చివరి దాకా సాగుతుంది. ఆ ఒక్క గుర్తు చాలు. ఇది నదీముఖాల దగ్గరి బురద నీటి చేప. గుజరాత్, మహారాష్ట్ర తీరాలలో విస్తారంగా దొరికి, దక్షిణానికి వచ్చేసరికి బాగా తగ్గిపోయి, మళ్ళీ బంగాళాఖాతం ఉత్తర భాగంలో పెద్ద నదులు కలిసే చోట్ల కనిపిస్తుంది.

పేరు ఒకసారి తప్పుగా రాస్తే ఎంతకాలం నిలుస్తుందో మధ్యధరా సముద్రపు కథ చెబుతుంది. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక ఎర్రసముద్రపు చేపలు ఒక్కొక్కటిగా అటు చేరాయి. 1950ల మొదట్లో ఇజ్రాయెల్ తీరంలో ఒక సౌరిడా దొరికింది, కొద్ది ఏళ్ళలోనే ట్రాల్ వలలకు ముఖ్యమైన చేప అయింది. అందరూ దాన్ని అండోస్క్వామిస్ అనే రాశారు. అరవై ఏళ్ళు గడిచాక, 2015లో, ఆస్ట్రేలియాకు చెందిన మరొక రస్సెల్, బారీ రస్సెల్, ఇద్దరు సహచరులతో కలిసి ఎర్రసముద్రపు చేపలనూ మధ్యధరా చేపలనూ పరిశీలించి అది వేరే జాతి అని తేల్చి సౌరిడా లెసెప్సియానస్ అని పేరు పెట్టాడు. పేరు మారితే ఆ అరవై ఏళ్ళ లెక్కలన్నింటికీ శీర్షిక మారుతుంది. మీరు రాసుకునే చిన్న పుస్తకంలో కూడా పేరుకు పక్కన గుర్తులు రాయాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే: రేపు పేరు మారినా, గుర్తులుంటే చేప మళ్ళీ దొరుకుతుంది.

ఈ పాఠానికి అభ్యాసం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిలిపివేస్తారు కాబట్టి ఆ రోజులు తప్పించి, తెల్లవారకముందే మీకు దగ్గరలో ఉన్న రేవుకు వెళ్ళండి. చేపలమ్మే ఆమెను అడిగి, డబ్బిచ్చి, పది మట్టలు తీసుకోండి. "అమ్మా, వేర్వేరు గంపల్లోంచి ఇవ్వండి" అని అడగండి, ఒకే గంపవి తీసుకుంటే అభ్యాసం సగమే అవుతుంది. ఒక్కొక్కదానికీ పుస్తకంలో అడ్డంగా ఒక వరుస గీసుకొని, అంగిలి పళ్ళ పట్టీలు, పొట్టరెక్క ఈనెల లెక్క, రెండు పక్కల రొమ్మురెక్కల కొన ఎక్కడిదాకా వచ్చింది, ఈనె కొన మెత్తనా మొద్దా, తడిపి విప్పిన తోక పై అంచు ఎలా ఉంది, అనేవి ఇదే క్రమంలో రాయండి. జాతి పేరు గడిని ఖాళీగా ఉంచండి. పది వరుసలూ నిండాక, చేపలను చూడకుండా, రాసుకున్న గుర్తులను మాత్రమే చదివి పేర్లు నింపండి. తరువాత చేపలతో పోల్చి చూడండి. ఎక్కడైనా తేడా వస్తే ఆ చేపను కూరకు కోయకుండా ఉంచి, రొమ్మురెక్కను మరొకసారి నిమిరి చూడండి.