స్ప్రెడర్‌తో లాన్ మీద చారలు పడకుండా

ఒహాయోలో సెప్టెంబర్ వచ్చిందంటే లాన్‌కి ఎరువు, విత్తనం వేసే రోజులే. స్ప్రెడర్ (ఎరువు, విత్తనం చల్లే చక్రాల బండి) తోసేవాళ్లకి ఒక మాట. వేయాల్సినదంతా ఒకే విడతలో కానిచ్చేయకండి. సెట్టింగ్ తగ్గించుకుని సగం నిలువుగా, మిగతా సగం అడ్డంగా తోయండి. ఉన్న లాన్‌లో టాల్ ఫెస్క్యూ అనే గడ్డి విత్తనం వెయ్యి చదరపు అడుగులకి 4 పౌండ్లు అనుకుంటే, అటు 2, ఇటు 2. మొదటి ఏడాది నేను ఒకే దిక్కున తోసుకుపోయాను. పది రోజులకి ఎరువు పడినచోట ముదురాకుపచ్చ, పడనిచోట లేతపసుపు. అచ్చం జీబ్రా! పక్కింటాయన నవ్వాపుకోలేకపోయాడు.

ముందు నడక మొదలుపెట్టి, ఆ తర్వాతే ఎరువు కిందికి వదిలే లివర్ తెరవండి. ఆగేముందు మూసేయండి. నిలబడి తెరిస్తే అక్కడ ఎరువు గుట్టపడి, గడ్డి మాడి గోధుమరంగు మచ్చ తేలుతుంది. బస్తాలోది స్ప్రెడర్‌లోకి పోసుకోవడం కూడా గడ్డి మీద కాకుండా డ్రైవ్‌వేలో పెట్టుకోండి, ఒలికితే చీపురుతో ఎత్తేయొచ్చు.

అన్నట్టు, కలుపు మొలవకుండా ఆపే మందు కలిసిన ఎరువుని విత్తనంతోపాటు వేయకండి. చాలావరకు అవి మీ విత్తనాన్నీ మొలవనివ్వవు. పని అయ్యాక స్ప్రెడర్‌ని కడిగి ఎండలో పెట్టండి, ఎరువు ఉప్పుకి ఇనుప భాగాలు తుప్పు పడతాయి.