పండక్కి టికెట్ తీసే ముందు: హెచ్-4 మీద ఉన్న ఆడపిల్లలకి జాగ్రత్తలు

పండక్కని భార్యని తీసుకొచ్చి, పుట్టింట్లో దింపి, ఆమె పాస్‌పోర్టు తన సంచిలో వేసుకుని భర్త ఒక్కడే అమెరికా విమానం ఎక్కేసిన వార్తలు మన జిల్లాల్లో వింటూనే ఉన్నాం. సంక్రాంతి టికెట్లు తీసే రోజులివి. సంసారం సరిగా లేదని తెలిసీ రాజాం, పాలకొండ, బొబ్బిలి, టెక్కలి బయల్దేరుతున్న అమ్మాయిలు ఇది చదవాలి. వాళ్ళ అమ్మానాన్నలు ఇంకా శ్రద్ధగా చదవాలి.

మంచి లాయర్ని పెట్టుకోండి, బంగారం లెక్క రాసుకోండి అని అందరూ చెప్తారు. ఎక్కువమందిని ముంచేది అవి చేయకపోవడం కాదు. "ముందు విడాకులు తేలనీ, వీసా సంగతి తర్వాత చూద్దాం" అనుకోవడమే ముంచుతుంది.

హెచ్-4 అంటే భర్తకున్న హెచ్-1బీ అనే ఉద్యోగ వీసాని పట్టుకుని భార్యకి ఉండే హోదా. విడాకుల తుది డిక్రీ వచ్చిన రోజే పోతుంది. ఉద్యోగం పోయిన హెచ్-1బీ వాళ్ళకి దొరికే 60 రోజుల వెసులుబాటు విడాకులైన భార్యకి లేదు. అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 మీద ఇంకా ఏడాదిన్నర కనిపిస్తున్నా దాన్ని చూసి ధైర్యపడొద్దు. హెచ్-4 మీద వచ్చిన పని అనుమతి కూడా దాంతోపాటే పోతుంది. చదువుకునేవాళ్ళ ఎఫ్-1 హోదాకి మారాలంటే హోదా మార్పు అప్లికేషన్ ఐ-539 డిక్రీకి ముందే వేయాలి, వేసే రోజుకి హోదా బతికి ఉండాలి. దానికంటే ముందు కాలేజీలో సీటు, ఆ కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం చేతికి రావాలి. అందుకే వ్యవహారం కోర్టు గుమ్మం తొక్కకముందే ఈ పని మొదలుపెట్టాలి. సొంత హెచ్-1బీ అయితే కంపెనీ వేయాలి, లాటరీ రిజిస్ట్రేషన్ మార్చిలో ఉంటుంది.

డిక్రీ శ్రీకాకుళంలో వచ్చినా టెక్సాస్‌లో వచ్చినా హోదాకి ముప్పు ఒక్కటే. హిందూ వివాహ చట్టం 13బీ కింద పరస్పర అంగీకారమైతే మొదటి మోషన్‌కి (ఇద్దరూ కలిసి పిటిషన్ వేయడం), రెండో మోషన్‌కి (విడాకులు ఇవ్వమని మళ్ళీ అడగడం) మధ్య ఆరు నెలలుంటాయి. ఐ-539 వేసుకోవడానికి అమ్మాయికి మిగిలిన సమయం ఆ ఆరు నెలలే. 2017లో సుప్రీంకోర్టు తగిన కేసుల్లో ఆ గడువు మాఫీ చేయొచ్చంది. అవతలివాళ్ళ లాయరు తెచ్చిన మాఫీ పిటిషన్ మీద "తొందరగా అయిపోతుందిలే" అని సంతకం పెట్టేశారంటే ఆ సమయాన్ని మీ చేతులతో మీరే వదిలేసినట్టు. టెక్సాస్‌లో కేసు వేశాక 60 రోజులకే డిక్రీ రావచ్చు. కాలిఫోర్నియాలో కనీసం ఆరు నెలలు.

భర్త ఉద్యోగం మీద గ్రీన్‌కార్డుకి వేసిన ఐ-485 అప్లికేషన్ పెండింగ్‌లో ఉన్నా ఇదే సంగతి. అది మంజూరు కాకముందే డిక్రీ వస్తే భార్యగా ఆమె వాటా పోయినట్టే.

పెళ్ళి మీద రెండేళ్ళ షరతుల గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళ సంగతి వేరు. షరతులు తీసేయమని అడిగే ఐ-751 భర్త సంతకం లేకుండానే వేసుకోవచ్చు. డిక్రీతోపాటు పెళ్ళి నిజమైనదని చూపడానికి ఉమ్మడి పన్ను రిటర్నులు, అద్దె ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టాలి.

ఇక మిగిలినవి.

ఐ-539 పెండింగ్‌లో ఉండగా దేశం దాటొద్దు. దాటితే వదులుకున్నట్టే లెక్క. పండగ వచ్చే ఏడాదీ వస్తుంది.

పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. అత్తగారి బీరువాలో కాదు.

ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం పెట్టొద్దు.

పెద్దల్లో తగువు పెట్టి రాయించుకున్న కాగితం కోర్టు డిక్రీ కాదు.

అమెరికా కోర్టు నుంచి సమన్లు వస్తే దాచి ఊరుకోవద్దు. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, భార్య ఇష్టపూర్వకంగా ఆ కోర్టు ముందుకు రాకుండా ఇచ్చిన విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లదని నరసింహారావు, వెంకటలక్ష్మి కేసులో 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ చెల్లదు కదా అని మీరు కూర్చుంటే అక్కడ హోదా పోతుంది, పిల్లల కస్టడీ ఏకపక్షంగా తేలిపోతుంది. జవాబు ఎలా ఇవ్వాలో అక్కడి లాయరూ ఇక్కడి లాయరూ కలిసి తేల్చాలి.

అక్కడ కేసు నడుస్తుండగా తండ్రి రాతపూర్వక అనుమతి లేకుండా పిల్లల్ని ఊరికి తేవొద్దు. అక్కడ అది నేరం కావచ్చు.

వేరే ఇంటికి మారితే 10 రోజుల్లో చిరునామా మార్పు ఫారం ఏఆర్-11 వేయాలి. లేకపోతే మీ నోటీసులు భర్త ఇంటికే పోతాయి.

కొడుతుంటే ఓర్చుకోవద్దు. భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే అతని ప్రమేయం లేకుండా మీ అంతట మీరే దరఖాస్తు చేసుకునే దారుంది, విడాకులయ్యాక కూడా రెండేళ్ళ వరకు. భర్త హెచ్-1బీ అయినా హింసకి గురైన భార్యకి విడిగా పని అనుమతి అడిగే వీలుంది. ఫొటోలు, ఆసుపత్రి కాగితాలు, పోలీసు రిపోర్టు పారేయొద్దు.

ఐ-797లు (ఇమ్మిగ్రేషన్ శాఖ పంపిన నోటీసులు), ఐ-94, పెళ్ళి సర్టిఫికెట్, వీసా పేజీ ఈ రోజే స్కాన్ చేసి మీ ఒక్కరికే పాస్‌వర్డ్ తెలిసిన మెయిల్‌కి పంపుకోండి. సర్టిఫికెట్ లేకపోతే పెళ్ళి రిజిస్ట్రేషన్ ముందు చేయించండి. డిక్రీ తేదీ ఎప్పుడో లాయర్ని అడగకుండా దేనిమీదా సంతకం పెట్టొద్దు.