విజయనగరంలో పాత ఇంట్లో దిగారా? టాయిలెట్ పార్టులు కొనే ముందు ఇవి చూసుకోండి

అమెరికా నుంచో దుబాయ్ నుంచో వచ్చి విజయనగరంలో స్థిరపడేవాళ్ళలో చాలామంది దిగేది తాతగారి ఇంట్లోనో, నాన్నగారు రిటైరయ్యాక కట్టించిన డాబాలోనో. రాగానే రంగులు వేయిస్తారు, వైరింగు మార్పిస్తారు, ఏసీలు పెట్టిస్తారు. పాతికేళ్ళ నాటి కమోడు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళరు. తీరా సామాన్లు సర్దుకున్నాక అది మొదలుపెడుతుంది. ఫ్లష్ ట్యాంకు రాత్రంతా సుయ్యిమంటూనే ఉంటుంది, లేదా మీట నాలుగుసార్లు నొక్కితేగానీ నీళ్ళు దిగవు.

ముందుగా ఒక మాట. అమెరికా నుంచి సూట్‌కేసులో పార్టులు మోసుకురాకండి, వచ్చేవాళ్ళతో తెప్పించుకోకండి. అక్కడి ఫిల్ వాల్వు (ఫ్లష్ ట్యాంకులోకి నీళ్ళు వదిలే వాల్వు) మర 7/8 అంగుళం, మన కనెక్షన్ పైపు అరంగుళం. టేపు ఎంత చుట్టినా ఆ రెండూ కలవవు. కమోడు కింద పెట్టే మైనం రింగుకు నేలలో ఫ్లాంజి, అంటే కమోడుని బిగించే చట్రం, ఉండాలి. మన పాత ఇళ్ళలో కమోడుని తెల్ల సిమెంటుతో నేరుగా నేలకు కూర్చోబెట్టేశారు కాబట్టి అది కూడా దండగే. గల్ఫ్ సామానుకి మర సాధారణంగా కుదురుతుంది, కానీ మరకన్నా పెద్ద తేడా ఒత్తిడిది. అక్కడి కుళాయిల్లో సాధారణంగా ఒత్తిడి ఇక్కడికన్నా ఎక్కువ. ఇక్కడ మున్సిపాలిటీ కుళాయి వచ్చినప్పుడు సంపు నింపుకుని, మోటారు వేసి మేడమీది ట్యాంకుకు ఎక్కిస్తాం. ఒత్తిడిని బార్లలో కొలుస్తారు, నీళ్ళు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఒక బారు. మేడమీది ట్యాంకుకీ కింది బాత్రూముకీ మధ్య మూడు మీటర్లుంటే ఒత్తిడి 0.3 బారే. పై అంతస్తు బాత్రూములో అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ఎక్కువ ఒత్తిడికి చేసిన వాల్వు అంత తక్కువలో ట్యాంకు నింపడానికి పావుగంట తీసుకుంటుంది, ఒక్కోసారి సరిగ్గా మూసుకోదు కూడా. అందుకే ఇక్కడ కొనేటప్పుడు కూడా తక్కువ ఒత్తిడికి పనిచేసే రకమా అని కొట్టులో అడిగి తీసుకోండి. నన్నడిగితే మేడమీది ట్యాంకు మీద ఆధారపడ్డ ఇంటికి పొడుగు కాడ, దాని చివర బంతి ఉన్న పాతకాలపు బాల్‌కాక్ ఇత్తడిదే మేలు. చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ ఇసుకా గారా పడినా అంత త్వరగా మొరాయించదు. కొత్త నిలువు రకాల్లో నీళ్ళు వచ్చే కన్నం సన్నం, బోరు నీళ్ళ ఇంట్లో అదే ముందు మూసుకుపోతుంది.

కొట్టుకి బయలుదేరే ముందు పాడైంది ఏదో తేల్చుకోవాలి. ట్యాంకు కారుతోందని చెప్పగానే మొత్తం సెట్టు మార్చేద్దామనే ప్లంబర్లు ఉంటారు. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ట్యాంకు నిండాక యాంగిల్ కాక్ (గోడ దగ్గర ట్యాంకుకి నీళ్ళు వదిలే చిన్న కుళాయి) కట్టేసి, లోపల నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. బట్టలకు వాడే నీలం నాలుగు చుక్కలు అందులో వేయండి. అరగంట ఎవర్నీ ఫ్లష్ చేయనివ్వకండి. కమోడులోకి నీలం దిగి, మట్టం గీత కిందికి పోయిందంటే అడుగున ఉన్న రబ్బరు వాషరు పోయినట్టు. మట్టం అలాగే ఉంటే అడుగు బాగానే ఉంది, దోషం బాల్‌కాక్‌ది. అది సరిగ్గా మూసుకోక, ఎక్కువైన నీళ్ళు ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి పోతున్నాయి. గంటకు 10 లీటర్లు అలా పోయినా రోజుకు 240 లీటర్లు. మేడమీది 1000 లీటర్ల ట్యాంకులో దాదాపు నాలుగో వంతు వాడకుండానే పోతుంది, మోటారు బిల్లు అదనం.

మీట ఊరికే ఆడుతూ, నొక్కగా నొక్కగా ఎప్పటికో నీళ్ళు దిగుతుంటే అది మూడో జబ్బు. పాత సైఫన్ రకం ట్యాంకుల్లో (నీళ్ళు వంపు గొట్టం ఎక్కి దిగే రకం) లోపల పల్చటి ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి నీళ్ళని పైకెత్తుతుంది. అది చిరిగితే మీట ఎంత నొక్కినా లాభం లేదు. దొరికితే ఆ బిళ్ళొక్కటే మార్చుకోవచ్చు. దొరక్కపోతే సైఫన్ మొత్తం మార్చాలి.

యాంగిల్ కాక్ కట్టమన్నాను కదా, అక్కడ జాగ్రత్త. ఏళ్ళ తరబడి ఎవరూ తిప్పని కాక్ బిగుసుకుపోయి ఉంటుంది. పానా పెట్టి బలంగా తిప్పారంటే గోడలోపలి పైపు ముక్క విరుగుతుంది, ఆ తర్వాత టైల్సు పగలగొట్టడమే. తిరగకపోతే వదిలేసి, మేడమీద గేటు వాల్వు కట్టేయండి. ఎలాగూ పని పెట్టుకున్నారు కాబట్టి కాక్ కూడా అప్పుడే మార్పించుకోండి. కొత్త కాక్ చేతిలోకి తీసుకుని బరువు చూడండి. పైన మెరుగు, లోపల ప్లాస్టిక్ అయినవి తేలిగ్గా ఉంటాయి.

ఇక కొట్టు. గంటస్తంభం దగ్గర బజారులో అయినా, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ వైపు అయినా, కౌంటరు వెనకాల మనిషి అడిగేది ఒకటే: "ఏటి కావాల బాబూ? సింగిలా, డబులా? ట్యాంకు గోడకా, కమోడు మీదా?" సింగిలంటే ఒకే ఫ్లష్, డబులంటే సగం, పూర్తి అని రెండు ఫ్లష్‌లు. దీనికి ఫోనులో ఫోటో చూపించి గట్టెక్కలేరు. పాత ముక్క విప్పి, తుడిచి, కవర్లో వేసుకుని వెళ్ళండి. దాన్ని కొత్తదాని పక్కన బల్లమీద నిలబెట్టి మూడు చూడాలి. అడుగున మర లావు ఒకటేనా? ఓవర్‌ఫ్లో గొట్టం ఎత్తు మీ ట్యాంకులో పడుతుందా? దాని మూతి మీట కన్నం కన్నా కనీసం అంగుళం కిందికి ఉండాలి, లేకపోతే బాల్‌కాక్ చెడిన రోజున నీళ్ళు నేలమీదికొస్తాయి. మూడోది, బటన్ రకమైతే మూత మీద కన్నం వెడల్పు. ఇది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, స్కేలు పెట్టి కొలిచి రాసుకెళ్ళండి. ప్యారీవేర్, హింద్‌వేర్, సెరా లాంటి కంపెనీల పాత మోడళ్ళకు సరిపోయే పార్టులు ఇక్కడ లేకపోతే వైజాగ్ నుంచి తెప్పిస్తామంటారు. విజయనగరానికి అరవై కిలోమీటర్లే కాబట్టి ఆగొచ్చు. "ఏదో ఒకటి పెట్టేద్దాం అన్నయ్యా" అనే కుర్ర ప్లంబరు మాటకు మాత్రం తొందరపడకండి.

పార్టులా, మొత్తం ట్యాంకా అన్నది ట్యాంకును బట్టి. గోడకు తగిలించిన ప్లాస్టిక్ ట్యాంకు పసుపు రంగుకి తిరిగి, మూత అంచులు పెళుసెక్కి ఉంటే లోపలి సామాను మీద డబ్బు పెట్టకండి. వాషరు మారుస్తుంటేనే అడుగు పగులుతుంది. ట్యాంకే మార్చేయండి, డబ్బా మీద ఐఎస్ 7231 గుర్తు ఉందో లేదో చూసి. కమోడు మీదే కూర్చునే పింగాణీ ట్యాంకు అయితే లెక్క వేరు. పింగాణీకి వయసు లేదు, లోపలి సెట్టు మారిస్తే మళ్ళీ చాలాకాలం చూసుకోనక్కర్లేదు. పైగా ఆ కాలపు లేత గులాబీ, లేత ఆకుపచ్చ రంగుల్లో ట్యాంకు మాత్రమే విడిగా ఇప్పుడు దొరకడం కష్టం.

ట్యాంకు మార్చేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. విదేశంలో ఉండి వచ్చాం, నీళ్ళు పొదుపు చేద్దామని 3/6 లీటర్ల (సగానికి 3, పూర్తికి 6) డబుల్ ఫ్లష్ కొంటారు. ఉద్దేశం మంచిదే. కానీ మీ పాత కమోడు 10 లీటర్లు ఒక్కసారి దిగుతాయని లెక్కేసి చేసింది. దాని లోపలి వంపుకి 6 లీటర్లు చాలవు. పైగా మన ఇళ్ళలో సెప్టిక్ ట్యాంకు పెరట్లో ఎక్కడో చివర ఉంటుంది. అంత దూరం మలం కొట్టుకుపోవాలంటే వెనకాల నీళ్ళు ఉండాలి. చివరికి రెండుసార్లు ఫ్లష్ చేస్తారు, పొదుపు కాస్తా పోతుంది. లేదా పైపు మధ్యలో పూడుకుని, పండగనాడు బంధువులంతా ఇంట్లో ఉండగా పొంగుతుంది. పాత కమోడు ఉంచుకున్నంతకాలం పూర్తి ఫ్లష్ 10 లీటర్లు ఇచ్చే ట్యాంకే పెట్టండి. పొదుపు కావాలంటే కమోడూ ట్యాంకూ కలిపి మార్చండి.

కమోడు మార్చేటట్లయితే ముందు ట్రాప్, అంటే కమోడు నుంచి మురుగు బయటికి పోయే వంపు, చూడండి. పైపు నేలలోకి దిగితే ఎస్ ట్రాప్, గోడలోకి పోతే పి ట్రాప్. ఎస్ అయితే గోడ నుంచి పైపు నడిమధ్యకు ఎంత దూరమో కొలవాలి. ఇక్కడ మామూలుగా 9 అంగుళాలో 12 అంగుళాలో ఉంటుంది. కొలత మాత్రం ఇప్పుడు కనిపిస్తున్న టైలు నుంచే తీయండి. పాత టైల్సు మీదే కొత్తవి అతికించిన గోడ అయితే అంగుళం దాకా తగ్గి ఉంటుంది, ఇంటి ప్లాను చూసి కొన్న కమోడు గోడకి కొట్టుకుంటుంది.

బోల్టులు చిన్న విషయమే గానీ కళింగపట్నం, బారువ వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో చిన్నది కాదు. కమోడుకీ ట్యాంకుకీ మధ్య మెరుగు పూసిన ఇనప బోల్టులు వేస్తే తుప్పు పట్టి, ఇంకోసారి విప్పాలంటే కోయాల్సిందే. ఇత్తడివి గానీ త్వరగా తుప్పు పట్టని 304 రకం స్టీలువి గానీ అడగండి. బిగించేటప్పుడు చేతి బిగువు అయ్యాక పానాతో అర మలుపు చాలు. పింగాణీ ముందుగా హెచ్చరించదు, టక్కుమని చీలుతుంది.

సీటు మూత కోసం పాత పేపరు షీటు కమోడు మీద పరిచి, అంచు వెంబడి పెన్సిలు తిప్పి, కన్నాల చోట పొడిచి, కత్తిరించి పట్టుకెళ్ళండి. కోలగా ఉందా, ముందు భాగం చదునుగా ఉందా, కన్నాల మధ్య ఎంతుంది అన్నవన్నీ ఆ కాగితమే చెబుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే నెమ్మదిగా మూసుకునే సాఫ్ట్ క్లోజ్ కన్నా, కదలని గట్టి కీలు ముఖ్యం. వాళ్ళు కూర్చునేటప్పుడు బరువంతా ఒక పక్కకే వేస్తారు.

అన్నీ బిగించాక ట్యాంకులో బ్లీచింగ్ బిళ్ళలు వేయకండి, కొత్త వాషరు రబ్బరు గట్టిపడి మళ్ళీ నీలం పరీక్షకే వస్తారు. గార పడితే ఆ పార్టు విప్పి రాత్రంతా వెనిగర్లో నానబెట్టండి. కమోడులో యాసిడ్ పోసిన రోజు బ్లీచింగ్ పౌడరు దగ్గరికి రానివ్వకండి. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు, మూసి ఉన్న బాత్రూములో ప్రాణం మీదికొస్తుంది. ఇక ప్లంబరుతో పని ఉంటే దసరాకి ముందే పెట్టుకోండి. దసరా దాటిన మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం. ఆ వారంలో ఊళ్ళో ఎవరూ పానా పట్టరు.