రిటైరయ్యాక ఇంకో ఉద్యోగంలో చేరే ముందు

సన్మానం అయిపోయి శాలువాలు బీరువాలోకి చేరాక వచ్చే మొదటి ఆరు నెలలు చాలా జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకునే డబ్బు), పీఎఫ్, మిగిలిన సెలవుల డబ్బు అన్నీ కలిసి ఉద్యోగం చేసినన్నాళ్లూ చూడనంత మొత్తం ఒక్కసారిగా ఖాతాలో పడుతుంది. పొద్దున్నే తయారై వెళ్లాల్సిన చోటు మాత్రం ఉండదు. మీ దగ్గర డబ్బుందని, రోజంతా ఖాళీగానే ఉన్నారని ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. రకరకాల ఆఫర్లు మోసుకొచ్చేవాళ్లు బయల్దేరేది అప్పుడే.

పని చేయొద్దని ఎవరికీ చెప్పను. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి 62 ఏళ్లకు, తెలంగాణలో 61కి, కేంద్రంలో 60కి రిటైరవుతున్నారు. ఆ వయసుకు చాలామందికి ఓపిక ఉంటుంది, కొందరికి ఇంటి లోను కూడా మిగిలే ఉంటుంది. ప్రైవేటులో 58కే బయటికి వచ్చి ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం) పింఛను మీద బతకాల్సిన వాళ్లకైతే పని అవసరమే. అయితే పిలిచినవాళ్లకు కావాల్సింది మీ పనా, మీ డబ్బా, మీ సంతకమా అన్నది ముందు తేల్చుకోవాలి.

డబ్బు కోసం వచ్చేవాళ్లను గుర్తుపట్టడం తేలికే. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ కిట్, ల్యాప్‌టాప్ డిపాజిట్ అని ఏ పేరు పెట్టినా, చేరడానికి మీరే డబ్బు కట్టాలంటే అక్కడితో మాట ఆపేయండి. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో వచ్చే ‘టాస్క్’ పనుల్లో హోటళ్లకు రేటింగ్ ఇవ్వమంటారు, వీడియోలకు లైక్ కొట్టమంటారు. మొదట వందో రెండొందలో నిజంగానే ఖాతాలో పడతాయి. నమ్మకం కుదిరాక ‘ప్రీపెయిడ్ టాస్క్’ అంటూ మీ చేత కట్టించుకోవడం మొదలుపెడతారు. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ చేయమనేవాళ్లది ఇంకో పద్ధతి. ఆన్‌లైన్‌లో అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించుకుంటారు, వారం తర్వాత తప్పులు ఎక్కువున్నాయంటారు, ఆ వెంటనే లాయర్ నోటీసు పంపి నష్టపరిహారం కట్టమని బెదిరిస్తారు. జీవితంలో కోర్టు మెట్లెక్కని పెద్దమనుషులు పరువు పోతుందని భయపడి, ఇంట్లో చెప్పకుండా కట్టేస్తారు. దయచేసి కట్టకండి. ఆ నోటీసు ముందు ఇంట్లో చూపించండి, తర్వాత పోలీసులకు చూపించండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే గంట కూడా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

‘మీ ఖాతాలో డబ్బు వేస్తాం, కమిషన్ ఉంచుకుని మిగతాది ఫలానా ఖాతాకు పంపండి’ అనేది ఉద్యోగం కాదు, దొంగ సొమ్మును దాటించడం. కేసైతే ఖాతా ఫ్రీజ్ అవుతుంది. అది పింఛను పడే ఖాతా అయితే నెల గడవడమే కష్టమవుతుంది.

సంతకం కోసం వచ్చేవాళ్లు చాలా మర్యాదగా వస్తారు, అందుకే వాళ్లతో ఎక్కువ జాగ్రత్త అవసరం. రిటైరైన తహసీల్దారుకు రియల్ ఎస్టేట్ సంస్థలో ‘సలహాదారు’ కుర్చీ, బ్యాంకు మేనేజరుకు కంపెనీలో డైరెక్టర్ పదవి, ఇంజినీరుకు చూడని పనికి నాణ్యత సర్టిఫికెట్ ఇచ్చే బాధ్యత అప్పగిస్తారు. జీతం బాగుంటుంది, కారు పంపిస్తారు. రేపు తేడా వస్తే మాత్రం కాగితాల మీద ఉండేది మీ పేరే. అక్కడ రోజూ జరిగేదేమిటో మీకు కనిపించనప్పుడు ఆ సంస్థ కాగితాల మీద సంతకం పెట్టకండి. ఇక ఊళ్లో మాస్టారిగా మంచి పేరుందని, డిపాజిట్లు సేకరించే ఏజెంటుగా రమ్మంటారు. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో చట్టం వచ్చింది. డిపాజిట్లు కట్టమని జనాన్ని అడిగినవాళ్లకు కూడా అందులో జైలు శిక్ష ఉంది. చట్టం సంగతి అటుంచినా, మిమ్మల్ని చూసి డబ్బు కట్టిన పొరుగువాళ్ల ముఖం రోజూ చూడాలి కదా.

పని నిజమైనదే అని తేలాక ఒంటి సంగతి చూసుకోవాలి. సెక్యూరిటీ ఉద్యోగం చాలా చోట్ల పన్నెండు గంటల డ్యూటీ. షుగర్ మందు వేసుకునేవాళ్లు వేళకు తినలేని నైట్ డ్యూటీ ఒప్పుకోకపోవడమే మంచిది. కాలేజీలో లెక్చరరు పని అంటే తేలిగ్గానే అనిపిస్తుంది. కానీ రోజుకు ఎన్ని క్లాసులు, క్లాసయ్యాక స్టడీ అవర్‌కు ఉండాలా, అడ్మిషన్ల కోసం వేసవిలో ఇంటింటికీ తిప్పుతారా అని ముందే అడగాలి. ఆర్టీసీలో చేసినవాళ్లను స్కూలు బస్సు నడపమని అడుగుతుంటారు. ఆ బస్సు డ్రైవరుకు 60 ఏళ్లు దాటకూడదన్నది మన రవాణా శాఖల నిబంధన. స్కూలువాళ్లు ‘ఏం ఫర్లేదు’ అన్నా ఒప్పుకోకండి, ఏదైనా జరిగితే స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకే చిక్కు. చేరే ముందు ఒకసారి బీపీ, షుగర్, కంటి పరీక్షలు చేయించుకోండి. రాత్రి బండి మీద తిరిగి రావాలంటే శుక్లాల పరీక్ష కూడా తప్పనిసరి.

నిబంధనల్లో చాలామంది మర్చిపోయేవి కొన్నున్నాయి. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ ఎ అధికారిగా రిటైరైనవాళ్లు ఏడాదిలోపు ప్రైవేటు సంస్థలో చేరాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. కేంద్ర పింఛనుదారులు మళ్లీ ప్రభుత్వ కొలువులోనే చేరితే, మాజీ సైనికుల్లో కొందరికి తప్ప, సాధారణంగా పింఛను మీద కరువు భృతి ఆ కాలానికి ఆగుతుంది. ఆ సంగతి బ్యాంకుకు చెప్పకుండా తీసుకుంటే తర్వాత మొత్తం ఒకేసారి వెనక్కి కట్టమంటారు. పన్ను విషయానికొస్తే, మిమ్మల్ని ఉద్యోగిగా తీసుకుంటున్నారా, కన్సల్టెంటుగానా అన్నది అడగండి. కన్సల్టెంటు ఫీజు వృత్తి ఆదాయం కిందికి వస్తుంది. 60 దాటి, పింఛను, వడ్డీ మాత్రమే ఉన్నవాళ్లకు అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది మధ్యలోనే వాయిదాల్లో ముందుగా కట్టే పన్ను) బాధ లేదు, వృత్తి ఆదాయం మొదలైతే ఆ వెసులుబాటు పోతుంది. మొదటి నెలలోనే ఆడిటరును కలిస్తే మార్చిలో టెన్షన్ ఉండదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకు ఇంకో మాట. విజిటర్ వీసా మీద ఉన్నప్పుడు తెలిసినవాళ్ల పసిపిల్లల్ని డబ్బుకు చూసుకోవడం, మనవాళ్ల షాపులో నాలుగు గంటలు కూర్చోవడం కూడా పని కిందికే వస్తాయి, అక్కడి చట్టం ఒప్పుకోదు. మళ్లీ వీసా దొరక్కపోతే మనవళ్లను చూడటమే కుదరదు.

‘ఏదో కాలక్షేపానికండీ, మీకు తోచింది ఇవ్వండి’ అని మాత్రం ఎక్కడా అనకండి. ముప్పై ఏళ్ల అనుభవానికి విలువ ఉంది. జీతం, పని గంటలు, వారాంతపు సెలవు, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి కాగితం మీద రాయించుకోండి. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఎవరి దగ్గరా ఉంచొద్దు, జిరాక్సులు చాలు. అక్కడ పనిచేసే ఒకరిద్దరిని బయట టీ దగ్గర కలిసి జీతం ఏ తేదీకి పడుతుందో కనుక్కోండి. యజమాని చెప్పని సంగతులు అక్కడ తెలుస్తాయి.

పని దొరికేది ఎక్కువగా పాత సహోద్యోగుల ద్వారానే, కాబట్టి పింఛనుదారుల సంఘం సమావేశాలకు వెళ్లండి. 60 దాటినవాళ్ల కోసం కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2021 అక్టోబరులో ‘సేక్రెడ్’ అనే ఉద్యోగ పోర్టల్ మొదలుపెట్టింది. వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ కూడా ఉంది. పని చూసుకుని వేరే ఊరు వెళ్తుంటే, బయల్దేరే ముందే బతికే ఉన్నామని ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌ను ఫోన్‌లో ముఖం చూపించి ఇవ్వడం నేర్చుకోండి. కొత్త పని హడావుడిలో అది మర్చిపోయి, పింఛను ఆగాక బ్యాంకు చుట్టూ తిరిగేవాళ్లు ఏటా కనిపిస్తూనే ఉన్నారు.