నీళ్ల డ్రమ్ముకు నురగ గూడు కనిపిస్తే

తొలకరి వానలు పడ్డాక విజయవాడలోని మొగల్రాజపురం, గుణదల కొండవాలు ఇళ్లలో నీళ్ల డ్రమ్ము లోపలి గోడకో, తొట్టి మీదికి వంగిన కొమ్మకో తెల్లని నురగ ముద్ద అంటుకొని కనిపించవచ్చు. సబ్బు నురగ అనుకొని కడిగివేయకండి. అది చెట్టుకప్ప గూడు. ఆడకప్ప మగకప్పను వీపున మోస్తూనే, తన ఒంటి నుంచి వచ్చే జిగురు ద్రవాన్ని వెనుక కాళ్లతో చిలికి నురగ చేసి, అందులో వందలాది గుడ్లు పెడుతుంది. పైపొర గాలికి ఆరి గట్టిపడుతుంది, లోపల మాత్రం తడి నిలుస్తుంది. పశ్చిమ కనుమల వానాడవులలో దీని బంధువు, వేళ్ల మధ్య పొరలు విప్పి చెట్ల మీద నుంచి గాలిలో తేలుతూ దిగే మలబారు కప్ప, మడుగుల మీది ఆకులకు ఇలాంటి గూడే కడుతుంది. మన ఊళ్లో ఆ మడుగు గౌరవం ప్లాస్టిక్ డ్రమ్ముకు దక్కింది.

గూటిని ఊడదీసి మరోచోట పెట్టరాదు. కొన్ని రోజులకు నురగ కరిగి, తోకకప్పలు సరిగ్గా కింది నీటిలోకే జారిపడతాయి. కాబట్టి ఆ నీరు ఎండిపోకుండా చూడటమే మీ ముఖ్యమైన పని. వాడుకోక తప్పకపోతే అడుగున జానెడు నీరైనా మిగల్చండి. వాన నీరు శ్రేష్ఠం. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక, బకెట్‌లో పట్టి ఒక రోజు ఆరుబయట ఉంచాకే పోయాలి.

దోమల మాట ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తుతారు. ఆ భయం న్యాయమైనదే. డెంగీ దోమ పెరిగేది ఇలాంటి నిలవ నీటిలోనే. అయితే కిరోసిన్, మందు చల్లితే తోకకప్పలు చస్తాయి, దోమపిల్లలను తినే గంబూసియా చేపలను వదిలితే అవి తోకకప్పలనూ తినేస్తాయి. డ్రమ్ము మూతికి (గూడు పైకొమ్మకు ఉంటే తోకకప్పలు నీటిలో పడ్డాక) దోమతెర గుడ్డను సందు లేకుండా బిగించి కట్టడమే మేలైన మార్గమని నా అభిప్రాయం.

నీటిలో పాచి ఉంటే తోకకప్పలకు వేరే మేత అక్కరలేదు. లేకుంటే ఉడికించిన పాలకూరను చిటికెడు వేసి, మిగిలినది కుళ్లకముందే తీసివేయాలి.

ముందు కాళ్లు కూడా మొలిచాక, అంచు దాకా ఒక పుల్లను ఏటవాలుగా నిలపాలి. అప్పటికి అవి ఊపిరితిత్తులతో గాలి పీలుస్తాయి కనుక, ఎక్కి కూర్చునే చోటు లేకపోతే మునిగి చనిపోతాయి. తోక కరిగే ఆ రోజులలో అవి మేత ముట్టవు. సాయంత్రం వేళ తెర కాస్త తొలగిస్తే, వేళ్ల చివరి బిళ్లలతో గోడను పట్టుకొని పాకుతూ వాటంతట అవే మొక్కలలోకి వెళ్లిపోతాయి, చేత్తో పట్టుకోనక్కరలేదు. అన్నీ వెళ్లాక డ్రమ్మును బోర్లించి, లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్ది కడగాలి, ఎందుకంటే డెంగీ దోమ గుడ్లు గోడకు అంటుకొని, నీరు లేకపోయినా నెలల తరబడి బతికి ఉండగలవు.