లా గరీటా చుట్టుదారికి వెళ్లేవాళ్లకు చిన్న చిట్కా

అమెరికాలోని కొలరాడో ట్రైల్‌ని (కొండల మీదుగా సాగే పొడవాటి కాలిబాట) సైకిల్ మీద చేసేవాళ్లు లా గరీటా విల్డర్‌నెస్ (చట్టం కాపాడే అడవి ప్రాంతం) దగ్గర ట్రైల్ వదిలి రోడ్డెక్కాల్సిందే. 1964 నాటి విల్డర్‌నెస్ చట్టం ప్రకారం విల్డర్‌నెస్‌లో సైకిల్ తొక్కడం కుదరదు, పోనీ దిగి నెట్టుకుంటూ పోదామన్నా ఫారెస్ట్ సర్వీస్ (అక్కడి అటవీ శాఖ) రూల్స్ ఒప్పుకోవు, సైకిల్ దగ్గర ఉండటమే తప్పు.

చుట్టుదారి అంటే నున్నటి రోడ్డు అనుకోకండి. లాస్ పీనోస్ పాస్ (కనుమ) దాటి సెబోయా క్రీక్ (వాగు) వెంబడి వెళ్లేదంతా కంకర, మట్టి. చివర్లో స్లమ్‌గలియన్ పాస్ దగ్గర, దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో, 149వ నంబరు హైవే తగులుతుంది. తిండి అయిపోతే కింద ఉన్న లేక్ సిటీ అనే ఊరికి దిగొచ్చు కానీ, సరదాగా దిగిన ఆ 850 మీటర్ల పైచిలుకు మళ్లీ ఎక్కాలి (కాళ్లు తిట్టుకుంటాయి). అందుకే ఒక రోజు తిండి ఎక్కువే పెట్టుకోండి, బరువైనా సరే.

జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నాలు ఉరుములు మామూలే, కాబట్టి చీకటితోనే బయల్దేరి పాస్ ముందే దాటేయండి. హైవే మీద స్ప్రింగ్ క్రీక్ పాస్ దాకా వెళ్తే ట్రైల్ మళ్లీ దొరుకుతుంది. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలుగుతూనే ఉండాలి.