ఎల్‌సీ పేపర్ ఎక్కడి నుంచి వచ్చింది? డెస్క్‌టాప్ పెట్టే వేరియబుల్ జాడ పట్టడం ఇలా

గుంటూరు అరండల్‌పేటలో మా అక్కకు డీటీపీ షాపు ఉంది. రెంటల్ అగ్రిమెంట్లు, అఫిడవిట్లు, మిర్చి యార్డు కమీషన్ షాపుల లెక్కల షీట్లు, పొద్దుట్నుంచి రాత్రి దాకా ప్రింట్లే. అక్కడి కంప్యూటర్‌లో డెబియన్ 12 (ఒక లినక్స్), దాని మీద విండోలు, మెనూలు చూపించే గ్నోమ్ డెస్క్‌టాప్ పెట్టింది నేనే. ఒక వారం ఫోన్ల మీద ఫోన్లు: "ఏందిరా ఇది, పేపరున్నా పెట్టమంటోంది!"

వెళ్లి చూస్తే ట్రేలో ఏ4 కట్ట నిండుగా ఉంది. ప్రింటర్ మాత్రం లైటు వెలిగి ఆరుతూ లెటర్ సైజు కోసం ఆగిపోయింది. టెక్స్ట్ ఎడిటర్‌లో ప్రింట్ విండో తెరిస్తే పేపర్ సైజు దగ్గర యూఎస్ లెటర్ అని ఉంది. అక్క ప్రతిసారీ ఏ4కి మార్చుకోవాలి. మర్చిపోయిందంటే ఎదురుగా కస్టమర్, ఆగిన ప్రింటర్, ఇక టెన్షన్.

గ్నోమ్ ప్రోగ్రాములు ఈ సైజును ఎల్‌సీ అండర్‌స్కోర్ పేపర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని (ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు దాని చేతికి అందే పేరు, విలువ జంట) బట్టి తీసుకుంటాయి. టెర్మినల్‌లో లొకేల్ అని కొట్టి చూడండి. విలువ చుట్టూ డబుల్ కోట్స్ ఉంటే అది లాంగ్ వేరియబుల్ (మొత్తానికి భాష చెప్పేది) నుంచి దానంతటదే వచ్చినది. కోట్స్ లేకుండా కనిపిస్తే ఎవరో పనిగట్టుకుని పెట్టినది. మాకు లాంగ్ తెలుగే. ఎల్‌సీ పేపర్ మాత్రం కోట్స్ లేకుండా అమెరికా ఇంగ్లిష్. అదే కమాండుకు హైఫన్ కే, వేరియబుల్ పేరు తగిలిస్తే ఎత్తు 279, వెడల్పు 216 మిల్లీమీటర్లు అని చూపించింది. ఏ4కి 297, 210 రావాలి.

అందరిలాగే నేనూ ముందు ఫైళ్ల మీద పడ్డాను. ఈటీసీలోని ఎన్విరాన్‌మెంట్, ప్రొఫైల్, ప్రొఫైల్ డాట్ డీ, డిఫాల్ట్ లొకేల్, హోమ్‌లోని డాట్ ప్రొఫైల్, డాట్ బాష్ఆర్‌సీ, అన్నిటిలో గ్రెప్ (ఫైళ్లలో మాట వెతికే కమాండు) కొట్టాను. ఎక్కడా లేదు. అప్పుడు వదిలేయకండి. ఫైళ్లను పక్కనపెట్టి ప్రాసెస్‌లను, అంటే నడుస్తున్న ప్రోగ్రాములను అడగండి.

ప్రాక్ ఫోల్డర్‌లో ప్రతి ప్రాసెస్ నంబరుతో ఒక ఫోల్డర్, అందులో ఎన్విరాన్ అనే ఫైలు ఉంటాయి. ఆ ప్రాసెస్ మొదలైన క్షణాన దాని చేతికి వచ్చిన వేరియబుల్స్ అందులో ఉంటాయి, తర్వాత అది సొంతంగా పెట్టుకున్నవి కనిపించవు. మధ్యలో నల్ క్యారెక్టర్లు ఉంటాయి కాబట్టి టీఆర్ కమాండుతో వాటిని కొత్త లైన్లుగా మార్చుకుని చదవాలి. ఒక ప్రాసెస్ ఇంకోదాన్ని మొదలుపెడితే మొదటిది తల్లి, రెండోది బిడ్డ. బిడ్డ ప్రాసెస్‌లో ఉండి తల్లి ప్రాసెస్‌లో లేకపోతే, వేరియబుల్ ఆ రెంటి మధ్యే పుట్టిందన్నమాట.

ప్రాసెస్‌ల వంశవృక్షం చూపించే పీఎస్‌ట్రీకి హైఫన్ ఎస్, హైఫన్ పీ ఇచ్చి నా షెల్ (కమాండ్లు తీసుకునే ప్రోగ్రాము, ఇక్కడ బాష్) నుంచి పైకి వెళ్లాను. బాష్‌లో ఉంది. దాని పైన గ్నోమ్ టెర్మినల్ సర్వర్‌లో ఉంది. ఆపైన యూజర్ సిస్టమ్‌డీలో (లాగిన్ అయిన యూజర్ కోసం ప్రోగ్రాములు మొదలుపెట్టే ప్రాసెస్) లేదు. దొరికిందనుకుని ఒక సాయంత్రమంతా సిస్టమ్‌డీ సెట్టింగులు వెతికాను. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. యూజర్ సిస్టమ్‌డీ తను పుట్టినప్పటి వేరియబుల్స్ కాకుండా, తను మొదలుపెట్టే ప్రోగ్రాములకు ఇవ్వడానికి వేరే జాబితా ఉంచుకుంటుంది. ఎవరైనా వచ్చి అందులో వేసి పోవచ్చు. సిస్టమ్‌సీటీఎల్ హైఫన్ హైఫన్ యూజర్ షో ఎన్విరాన్‌మెంట్ అని అడిగితే ఆ జాబితా చూపిస్తుంది. ఎల్‌సీ పేపర్ అందులో ఉంది. మరి వేసిందెవరు?

లాగిన్ వైపు నుంచి దిగాను: జీడీఎమ్3 (లాగిన్ స్క్రీన్ చూపించేది), సెషన్ వర్కర్, జీడీఎమ్ వేలాండ్ సెషన్, దాని కింద గ్నోమ్ సెషన్ బైనరీ. ఈ చివరి పేరుతో రెండు ప్రాసెస్‌లు ఉంటాయి, జీడీఎమ్ కింద ఉన్నదాన్నే చూడండి. వేలాండ్ సెషన్‌లో వేరియబుల్ లేదు, బైనరీలో ఉంది. సిస్టమ్‌డీ జాబితాలో వేసింది ఈ బైనరీయే. ఆ రెంటి మధ్య నడిచేది యూఎస్ఆర్ బిన్‌లోని గ్నోమ్ సెషన్. అది షెల్ స్క్రిప్టే, తెరిచి చదువుకోవచ్చు. గ్రెప్ కొట్టగానే ఎల్‌సీ పేపర్ బయటపడింది. జీసెట్టింగ్స్‌లోని (గ్నోమ్ సెట్టింగులు దాచుకునే చోటు) రీజియన్ విలువ చదివి, అది లాంగ్‌తో కలవకపోతే తేదీ, అంకెలు, డబ్బు, కొలతలు, పేపర్, ఈ అయిదింటి వేరియబుల్స్‌నీ ఆ స్క్రిప్టు ఎక్స్‌పోర్ట్ చేస్తుంది, అంటే తర్వాత మొదలయ్యే ప్రోగ్రాములకు అందిస్తుంది. రీజియన్ విలువ టెక్స్ట్ ఫైల్లో కాకుండా డీకాన్ఫ్ డేటాబేస్‌లో ఉంటుంది. ఈటీసీలో ఎంత వెతికినా దొరకనిది అందుకే.

గ్నోమ్ కాకుండా కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ అయితే హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్ కింద ప్లాస్మా లొకేల్ఆర్‌సీ, ప్లాస్మా వర్క్‌స్పేస్ ఎన్వ్ ఫోల్డర్ చూడండి. డెబియన్‌లో వేలాండ్ బదులు పాత పద్ధతి ఎక్స్11 సెషన్ అయితే ఎక్స్‌సెషన్ డాట్ డీ, డాట్ ఎక్స్‌సెషన్‌ఆర్‌సీ చూడాలి.

అక్కకు సెట్టింగ్స్‌లో రీజియన్ అండ్ లాంగ్వేజ్ తెరిచి, ఫార్మాట్స్ దగ్గర అమెరికా తీసేసి తెలుగు ఇండియా పెట్టాను. లాగౌట్ చాలకపోవచ్చు. యూజర్ సిస్టమ్‌డీ బతికే ఉంటే పాత విలువ అందులో ఉండిపోవచ్చు, రీబూట్ చేయండి. మళ్లీ లొకేల్ కొడితే ఎల్‌సీ పేపర్ కోట్స్‌లోకి వచ్చేసింది, ఎత్తు 297. అక్క అప్పటికే ఆగిపోయి ఉన్న అగ్రిమెంట్‌కి ప్రింట్ ఇచ్చింది. ప్రింట్ విండోలో ఏ4 అదే వచ్చి కూర్చుంది.